మనది అను మాట - తంజావూరు కోటలో ఒక దినము

మన సంఘము వారు ఈ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కోరినప్పుడు నేను కొంత వెనుదీసితిని. నేను పండితుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. వరకు చదివి, ఒక కార్యాలయమున 38 సంవత్సరములు గుమాస్తాగా పనిచేసి, అందులో అధికభాగము రికార్డు గదిలో కాగితపు కట్టల నడుమ గడిపి, విశ్రాంతి పొందినవాడను. చరిత్రము వ్రాయుటకు నాకు అర్హత లేదు. అయినను గత వేసవిలో తంజావూరు కోటను చూచి వచ్చిన నాటినుండి ఒక ప్రశ్న నన్ను విడువక వెంబడించుచున్నది. పూర్వులు కట్టినదానిని, వ్రాసినదానిని చూచి "ఇది మనది" అని చెప్పుకొనుటకు మనకు గల అధికారమేమి? అది పుట్టుకచేత సంక్రమించునా, లేక మరియొకదానిచేత సంపాదింపవలసినదా? తరతరములుగా తమిళదేశమున స్థిరపడి, ఇంటిలో తెలుగు పలుకుచున్న మనబోటి కుటుంబములకు ఈ ప్రశ్న వట్టి వేదాంతము కాదని తోచి, నాకు కలిగిన ఆలోచనలను చదువరుల ముందుంచుచున్నాను.

వేసవి సెలవులలో మా కుమారుడు భార్యాబిడ్డలతో చెన్నైనుండి తిరుచినాపల్లికి వచ్చెను. వాని కుమార్తెకు 11 ఏండ్లు. ఆ పిల్లకు తంజావూరు చూపవలెనని నా కోరిక. మా కుమారుడు ఒక అద్దె కారును, మాకొరకు మాత్రమే దినమంతయు వెంట తిరిగి చూపుటకు ఒక గైడును ముందుగానే కుదిర్చెను. గుంపుతో కలసి పరుగులు తీయక, మనకు ఇష్టమైన చోట మనము నిలిచి చూడవచ్చునని వాని ఊహ. ఇంత వ్యయమెందుకని నేను గొణిగితినిగాని, ఆ నిదానమే ఆనాడు నాకు గుణపాఠమైనది. గుంపులో పోయినచో ఎవ్వరును నన్ను ప్రశ్నింపకుందురు. నేను వచ్చినట్లే తిరిగివచ్చి యుందును.

తిరుచినుండి తంజావూరు 60 కిలోమీటర్లకు లోపే. తెల్లవారుజామున బయలుదేరితిమి. దారిపొడవున నేను పిల్లకు కథలు చెప్పుచునే యుంటిని. "మనవాళ్లు ఏలిన ఊరు తల్లీ అది. ఆ కోట మనది. అక్కడ రాజులు తెలుగువారు, కవులు తెలుగువారు, ఆటపాటలు తెలుగువే" అని చెప్పితిని. మా కుమారుడు బండిలో ముందు కూర్చుండి చిరునవ్వు నవ్వుచుండెను. తాను బాల్యమున వినిన మాటలే అవి.

గైడు యువకుడు, తమిళుడు, చరిత్ర చదివినవాడు, మాట నెమ్మది. కోటలో ఏ భాగము ఎవరిదో అతడు ఓపికతో విడదీసి చెప్పెను. 16వ శతాబ్దిలో విజయనగర ప్రభువుల ప్రతినిధిగా చెవ్వప్ప నాయకుడు తంజావూరు నాయకరాజ్యమునకు పునాది వేసెను. అచ్యుతప్ప, రఘునాథ, విజయరాఘవ నాయకులు అతని వెనుక ఏలిరి. 1673లో ఆ వంశపు పాలన ముగిసెను. పిమ్మట శివాజీ సవతి సోదరుడైన ఏకోజీ వచ్చెను. అతని సంతతివారు ఆ కోటనే తమ నివాసముగా చేసికొని, పెంచి, మార్చి, 1855 వరకు అందు రాజులుగా నుండిరి. కావున ఆ ప్రాంగణమున నాయకులది ఇది, మరాఠులది ఇది అని గీత గీయుట చాలచోట్ల కష్టము. దర్బారు మందిరమున సర్ఫోజీ మహారాజుయొక్క పాలరాతి విగ్రహము చేతులు జోడించుకొని నిలిచియున్నది. దానిని చెక్కినవాడు ఫ్లాక్స్‌మన్ అను ఆంగ్లేయ శిల్పి. దాని చుట్టును చోళుల కాలపు కంచు విగ్రహములు కలవు. ఆయుధశాల గోపురములో ఒక తిమింగలపు అస్థిపంజరము కూడ కలదు. మా మనుమరాలికి అన్నిటికంటె అదే నచ్చినది.

దర్బారు మందిరమునుండి వెలుపలికి వచ్చుచుండగా ఆ పిల్ల నా చేయి పట్టుకొని, "తాతా, మనవాళ్లు అంటే మన ఇంటివాళ్లా? మన తాతల తాతలు ఇక్కడ ఏ గదిలో ఉండేవాళ్లు?" అని అడిగెను.

నాకు నవ్వు వచ్చినదిగాని జవాబు రాలేదు. మా పూర్వులు ఏ గదిలోను ఉండలేదు. మా వంశమున రాజులు లేరు, దండనాయకులు లేరు, ఆస్థానకవులు లేరు. మా తాతగారు చెప్పిన మాటను బట్టి మావారు ఏదో యొక కాలమున ఉత్తరమునుండి ఎడ్లబండ్లతో దిగివచ్చి కావేరి యొడ్డున భూమి దున్నుకొనినవారు. ఆ కోట గోడలకు ఇటుక మోసియుండవచ్చును, రాజుగారి పన్ను కొరకు వడ్లు కొలిచియుండవచ్చును. లోపలి సింహాసనమునకు మాకును గల సంబంధము భాష యొక్కటియే. ఆ వడ్లు కొలిచినవారిలో మావంటివారు కొందరైనచో, తమిళము మాటలాడు రైతులు అనేకులు. దర్బారు స్తంభములను నిలిపినది కావేరి పంట. ఆ పంటను పండించినవారి సంతతి ఈనాడును ఆ చుట్టుప్రక్కల గ్రామములలో నున్నది. "ఈ కోట మాది" అని వారు అనినచో, నా మాటకంటె వారి మాటకు బలమెక్కువ కాదా?

తరువాత ఒక నీడపట్టున కూర్చుండియుండగా గైడు 1673 నాటి కథ చెప్పెను. మధురనేలిన చొక్కనాథ నాయకుడు తంజావూరు ఆడపడుచును వివాహమునకు అడిగెననియు, విజయరాఘవుడు నిరాకరించెననియు, దానిపై యుద్ధము వచ్చెననియు ప్రతీతి. వృద్ధుడైన విజయరాఘవుడు కత్తిచేతబట్టి పోరాడి మరణించెను. కోట శత్రువుల వశమగుటకు ముందు అంతఃపురమును తుపాకిమందుతో పేల్చివేయుమని అతడు ఏర్పాటు చేసెననియు, లోపలి స్త్రీలందరు అందు నశించిరనియు పాత తెలుగు వచన చరిత్రము చెప్పుచున్నది. గైడు దీనిని వీరగాథగా చెప్పెను. నేనును బాల్యమునుండి అట్లే వినియుంటిని. రోమాంచము కలుగగా, "చూచితివా, మానము కొరకు ప్రాణమిచ్చినవారు మనవారు" అని పిల్లతో అంటిని.

అంతవరకు ఒక మాటయు పలుకని మా కోడలు మెల్లగా, "ఇచ్చిందెవరు మామయ్యా? వాళ్లను ఎవరైనా అడిగారా?" అనెను.

చదువరులారా, ఆ మాటకును నాకు జవాబు దొరకలేదు. రఘునాథుని ఆస్థానమున రామభద్రాంబ, మధురవాణి వంటి విదుషీమణులుండిరి. విజయరాఘవుని కొలువున రంగాజమ్మ మన్నారుదాస విలాసము రచించెను. స్త్రీ పాండిత్యమును అంతగా గౌరవించిన రాజమందిరము అది. ఆ మందిరములోనే అంతిమ ఘడియలో స్త్రీల ప్రాణము రాజుగారి సొత్తు అయినది. మొదటిదానిని "మనది" అని ఎత్తుకొని రెండవదానిని "అది ఆ కాలపు ధర్మము" అని దింపివేయుట న్యాయమా? పైగా ఆ యుద్ధమున గెలిచిన మధుర నాయకులును తెలుగువారే. ఇరుపక్షములును మనవే యైనప్పుడు, ఆ విజయము మనదా, ఆ దుఃఖము మనదా?

నేను రికార్డు గదిలో పనిచేసిన కాలమున వారసత్వపు దస్తావేజులు ఎన్నియో చూచితిని. తండ్రి ఆస్తి కొరకు వచ్చువాడు తండ్రి అప్పును మరచి వచ్చును. మన పూర్వ ధర్మశాస్త్రము మాత్రము తండ్రి ఋణమును తీర్చుట కుమారునికి పుణ్యవిధి అని విధించినది. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించినప్పుడు, అటుపైని చేయబడు అప్పుల విషయమున ఆ విధిని తొలగించిరి. న్యాయస్థానమున అది తొలగిపోవచ్చును. మనస్సులో తొలగునా? కోట మనదైనచో కోటకు వడ్లు కొలిచినవారి ఋణమును మనదే. రంగాజమ్మ మనదైనచో, ఆనాడు మంటలలో నశించి పేరైనను మిగులని స్త్రీలును మనవారే. అది చెప్పక ఇది చెప్పుట, లెక్కపుస్తకములో జమ పుటను ఉంచి ఖర్చు పుటను చించివేయుట వంటిది. అట్టి పనిని మా కార్యాలయమున ఒక గుమాస్తా చేసినచో ఉద్యోగము ఊడును.

మధ్యాహ్నము సరస్వతీ మహలునకు పోయితిమి. కోట ప్రాంగణమునందే యున్న ఈ గ్రంథాలయమునకు నాయకుల కాలమున బీజము పడినది. దానిని మహావృక్షముగా పెంచినవాడు రెండవ సర్ఫోజీ. 1798లో గద్దెనెక్కిన యీ మహారాజునకు మరుసటి సంవత్సరమే రాజ్యాధికారము ఆంగ్ల కుంపినీ పాలైనది. రాజ్యము పోయినవాడు పుస్తకములు కూర్చుకొనెను. 1820లో కాశీయాత్రకు పోయి అచ్చటనుండి కూడ గ్రంథములను తెచ్చెను. తాను కొనిన ఆంగ్ల గ్రంథములు అనేకముల మీద స్వహస్తముతో సంతకము చేసెను. 1918లో ఈ భాండారము ప్రజల గ్రంథాలయమైనది. 1983లో జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా గుర్తింపబడినది. సంస్కృత, తమిళ, మరాఠీ గ్రంథములతోపాటు తెలుగు వ్రాతప్రతులు ఎనిమిది వందలకు పైగా అందు కలవు. వానిలో అధికము తాటియాకులే.

ప్రదర్శనశాలలో ఒక అద్దపు పెట్టె ముందు మా మనుమరాలు నిలిచిపోయెను. లోపల నల్లబడిన తాటియాకు, చీమలబారువలె సన్నని అక్షరములు. "తాతా, ఇది తెలుగు కదా, చదువు" అనెను. నేను కండ్లద్దములు సరిచేసికొని వంగితిని. పదమునకు పదమునకు నడుమ ఎడము లేదు, అక్షరముల రూపమును నేడు మనము వ్రాయునట్టిది కాదు. అక్కడొక "ర", ఇక్కడొక "న" గుర్తించితినిగాని ఒక పంక్తియైనను చదువలేకపోయితిని. పిల్ల తండ్రివంక తిరిగెను. వాడు తల వంచుకొనెను. వానికి తెలుగు అక్షరములే రావు.

అంతలో అచ్చట పని చూచుచున్న ఒక పెద్దమనిషి దగ్గరకు వచ్చి, వ్రేలితో అద్దముపై చూపుచు, ఆ పంక్తిని మెల్లగా చదివి, భావము తమిళమున చెప్పెను. "మీది తెలుగు ఇల్లా?" అని నేను అడిగితిని. "కాదండీ, మాది తమిళమే. ఈ ఏడులను చూచుకొనవలసిన పని కనుక నేర్చుకొంటిని" అని ఆయన సామాన్యముగా చెప్పి తన పనికి తాను పోయెను. ఆయన మాటలో గర్వము లేదు, ఎత్తిపొడుపు లేదు. ఉండియుండినచో నాకు కొంత ఊరటగా నుండెడిది.

ఇప్పుడు నేను దాచియుంచిన విషయమొకటి చెప్పవలెను. మా తాతగారి పెట్టెలో మూడు తాటియాకుల కట్టలుండెను. అవి వైద్యమో, పురాణమో, భూముల లెక్కలో నేను విప్పి చూచినవాడను కాను. 1987లో పాత ఇల్లు విడిచి చిన్న ఇంటికి మారునప్పుడు, పురుగు పట్టినవి కదా, ఇంటిలో ఉంచుకొనరాదు కదా యని, ఆడి నెల 18వ దినపు పండుగనాడు పసుపు కుంకుమలతో వానిని కావేరిలో విడిచితిని. అది భక్తియని ఆనాడు తలచితిని. నాకు అప్పటికి రికార్డు గదిలో ఎనిమిదేండ్ల అనుభవము. ప్రక్క తాలూకా వారి పాత చిట్టా ఒక్కటి కనబడకపోయినచో మూడు దినములు నిద్రాహారములు మాని వెదకినవాడను. పరుల కాగితమును అంత భద్రముగా కాచిన చేతులతోనే ఇంటి కాగితమును ఏటిలో కలిపితిని.

మా కుమారుని చదువును అట్టిదే. మా నాయన నాకు ఇసుకలో అక్షరములు దిద్దించెను. నేను నా కుమారునకు దిద్దింపలేదు. బడిలో తమిళము, ఇంగ్లీషు, హిందీ చాలునని, తెలుగు ఇంటిలో వచ్చును గదా యని ఊరకుంటిని. 2006లో తమిళము నిర్బంధము చేయుచు వచ్చిన చట్టము మీదికి ఈ నెపమును నెట్టుటకు నాకు వీలులేదు. వాడు అంతకు ముందే బడి చదువు ముగించినాడు. సంఘము వారి వార్షికోత్సవమునకు ఏటేట పోయి, ముందు వరుసలో కూర్చుండి, రఘునాథ నాయకుని పేరు వినబడినప్పుడెల్ల చప్పట్లు కొట్టితిని. తాతలు నేతులు త్రాగిరి, మా మూతులు వాసన చూడుడనువాని కథ నాదే.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. "మనది" అనుటకు అర్హత ఎవరికి గలదు? పుట్టుకయే అర్హతయైనచో తంజావూరు తెలుగు చరిత్రలో సగము నిలువదు. 1684లో పట్టమునకు వచ్చిన శాహజీ మాతృభాష మరాఠీ. ఆయన తెలుగున పల్లకిసేవా ప్రబంధము మొదలగు రచనలు చేసెను. గెలిచిన చోట గెలువబడినవారి భాషను నేర్చి అందు కావ్యము కట్టిన రాజు ఆయన. తంజావూరునకు దగ్గరలోని మేలట్టూరున నేటికిని ఏటేట నృసింహ జయంతి వేళ తెలుగు నాటకములను దేవుని యెదుట ఆడుచున్నారు. చూచుటకు కూర్చుండువారిలో తెలుగు తెలియనివారే అధికము. తిరువయ్యారున త్యాగరాజస్వామివారి తెలుగు కృతులను గొంతెత్తి పాడువారిలోను అంతే. ఆ స్వామివారు సర్ఫోజీ పంపిన కానుకలను తిరస్కరించి రాజమందిరమునకు పోలేదని సంప్రదాయము చెప్పును. కోట పాడుబడినను పెంకుటింటి పాట నిలిచినది. దానిని నిలిపినది రక్తసంబంధము కాదు. నోరారా పాడి, వ్రాసికొని, శిష్యులకు చెప్పినవారి శ్రమ.

కావున నాకు తోచినదేమనగా, "మనది" అనునది హక్కును తెలుపు మాట కాదు, బాకీని తెలుపు మాట. కాపాడినవాడు వారసుడు. అనుభవించి, తరువాతివానికి అందింపక పోయినవాడు, ఎంత దగ్గరి జ్ఞాతియైనను, మధ్యలో చేయి అడ్డుపెట్టినవాడే.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. ఒక మిత్రుడు నాతో ఇట్లనెను: "మనము గుప్పెడు మందిమి. పూర్వుల గొప్ప చెప్పుకొనుటయు మానివేసినచో మన పిల్లలకు తెలుగుమీద మమకారము ఎట్లు కలుగును? ఋణము ఋణమని భయపెట్టినచో వారు దూరముగా పోరా?" ఈ మాటలో సత్యము లేకపోలేదు. మా పిల్లను తంజావూరునకు నడిపించినది నా గొప్పలే. గొప్పలు చెప్పకపోయినచో ఆ అద్దపు పెట్టె ముందు ఆ పిల్ల నిలిచియుండదు. గర్వము వాకిలి వంటిది. వాకిలి లేక ఇంటిలోనికి పోలేము. కాని నేను నలుబది ఏండ్లు వాకిటనే కూర్చుండి, ఇంటివాడనని దారిని పోవువారికి చెప్పుచుంటిని. నా తప్పు అది. మరియు ఇందు తమిళముతో తగవు ఏమియు లేదు. మనకు అన్నము పెట్టిన నేల భాష అది. మన తాటియాకును మనకు చదివి వినిపించినది ఆ భాషవాడే.

సాయంకాలము తిరుగు ప్రయాణమున కారులో ఎవ్వరును ఎక్కువగా మాటలాడలేదు. వల్లము దాటిన తరువాత మా కుమారుడు వెనుకకు తిరుగకయే, "నాయనా, నాకు ఇప్పుడు నేర్పితే వస్తుందా?" అని అడిగెను. వానికి నలుబది ఏండ్లు. వచ్చునంటిని.

సంఘము వారికి నా విన్నపము చిన్నది. మన ఇండ్లలో అటకలమీద మిగిలియున్న పాత కాగితములు, ఏడులు, ఉత్తరములు ఎవరివద్ద ఏమున్నవో ఒక జాబితా వ్రాయింతము. చదువలేకపోయినను చదువగలవారికి చూపుదము. నదిలో మాత్రము విడువవద్దు. జాబితా వ్రాయు పనికి నన్ను పిలిచినచో వత్తును, నాకు వచ్చిన పని అది.

మా ఇంటి సంగతి: ప్రతి ఆదివారము ఉదయము ఫోనులో తండ్రికి, కూతురికి కలిపి పాఠము చెప్పుచున్నాను. పిల్ల గుణింతములు ముగించి ముందునకు పోయినది. తండ్రి ఇంకను "థ"కును "ధ"కును తడబడుచున్నాడు. పోయిన వారము ఆ పిల్లనుండి తెలుగున ఒక ఉత్తరము వచ్చినది. ఐదు పంక్తులలో తప్పులు తొమ్మిది. మీ తాతగారి కట్టలలో ఏముండెనో నీకు ఏమైనా జ్ఞాపకమున్నదా అని అందు అడిగియున్నది. ఆ ప్రశ్నకు ఏమి వ్రాయవలెనో తోచక ఆ ఉత్తరమును బల్లమీద ఉంచుకొని యున్నాను.